జాగ్రత్త కోసం ఒక్క రోజు పాలు ఆపండి

"కాంట్రాస్ట్ ఎక్కించాం కదా మేడం, జాగ్రత్త కోసం 24 గంటలు బేబీకి ఫీడింగ్ ఆపెయ్యండి."

ఈ మాట చెప్పడానికి స్కాన్ సెంటర్ అబ్బాయికి అర నిమిషం పట్టింది. చెప్పేసి తర్వాతి పేషెంట్‌ని పిలుచుకున్నాడు. కాంట్రాస్ట్ అంటే స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు. ఆ రోజంతా దాన్ని మోసింది మా చెల్లెలు. కడుపు మీద కుట్లు, తలలో పోట్లు, ఒళ్ళో ఆకలికి నోరు చప్పరిస్తున్న పసిగుడ్డు. పాలు ఆపమనడం ఖర్చులేని జాగ్రత్త అని మనందరికీ ఒక నమ్మకం. "ఒక్క రోజే కదా, పోయేదేముంది" అంటాం. పోయేది చాలానే ఉందని నాకు ఆ రోజు తెలిసింది. మందు రాయడానికి కారణం కావాలంటాం కదా. పాలు ఆపమనడానికి కూడా అంతే గట్టి కారణం కావాలి. ఏ మందుకి, ఎంతసేపు, ఎందుకు, ఈలోగా పిల్లకి ఏం పట్టాలి అన్నది కూడా ఆ చెప్పేవాళ్ళే చెప్పాలి.

సంగతి ఇది. చెల్లెలికి సిజేరియన్ అయి ఇంకా రెండు వారాలు నిండలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మ దగ్గరే ఉంది. తలనొప్పి మొదలైంది. వెన్నుకు మత్తు ఇచ్చారు కాబట్టి దానివల్లే అయి ఉంటుందనుకున్నాం. ఆ రకం నొప్పి లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుందట. దీనిది పడుకున్నా తగ్గలేదు, పైగా వాంతులు. డాక్టరమ్మ చూసి, మెదడు సిరల్లో ఎక్కడైనా రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, బాలింతలకు ఆ ముప్పు మామూలు వాళ్ళకంటే ఎక్కువ, ఈ రోజే ఎంఆర్ఐ తీయించండి అన్నారు. కాంట్రాస్ట్‌తో. ఇక్కడిదాకా నాకెవరితోనూ పేచీ లేదు. ఆ స్కాన్ తీయించకపోవడమే అసలు ప్రమాదం.

ఇంజెక్షన్‌కి ముందు బట్టలు మార్చుకునే గదిలో పాపకు పాలిచ్చింది. స్కాన్ అయి బయటికొచ్చాక పై మాట. అమ్మ భయపడింది. "ఒక్క రోజే గదా బిడ్డా, ఓపిక పట్టు" అని రోడ్డవతల మెడికల్ షాపులో డబ్బా పాలు కొనిపించింది. మా మరిది చంటిపిల్లల డాక్టరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికెళ్ళాక ఉగ్గుగిన్నెతో పట్టాం. పాప సగం మింగింది, సగం మెడ మీదికి కార్చుకుంది, మిగతా ఆకలికి గుక్కపట్టి ఏడ్చింది. ఏడుపు వినగానే అవతల గదిలో చెల్లెలికి పాలు చేపుకొచ్చి నైటీ తడిసిపోయింది. సాయంత్రానికి రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. పిండుకుందామని వంగితే తలనొప్పి, వంగకపోతే రొమ్ము నొప్పి. ఆ పిండిన పాలను సింకులో పోస్తూ ఏడ్చింది. రాత్రి పొద్దుపోయాక డాక్టరు తనే ఫోన్ చేశాడు. "ఎవరు ఆపమన్నారమ్మా? ఇవ్వండి, ఏం కాదు" అన్నాడు. ఇచ్చింది. రిపోర్టులో గడ్డ లేదు, నొప్పి మందులతోనే మెల్లగా తగ్గింది.

అయిపోయింది కదా, ఇంక గొడవెందుకు అని ఇంట్లో అన్నారు. ఒక డాక్టరు ఇవ్వండి అని, ఒక సెంటర్ వద్దు అని అన్నప్పుడు ఎవరి మాట నిజమో తేల్చుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

చుక్కలో పదో వంతు

ఎంఆర్ఐలో ఎక్కించే కాంట్రాస్ట్‌లో ఉండేది గాడోలినియం అనే లోహం. ఊరికే ఇస్తే విషం కాబట్టి దాన్ని వేరే అణువులో బిగించి ఇస్తారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వాళ్ళ మార్గదర్శకాల ప్రకారం తల్లికి ఎక్కించిన మోతాదులో మొదటి 24 గంటల్లో పాలలోకి వచ్చేది 0.04 శాతం కన్నా తక్కువ. బిడ్డ తాగిన దాంట్లోనూ పేగుల్లోంచి ఒంట్లోకి చేరేది ఒక శాతం కన్నా తక్కువ. మిగతాది డైపర్‌లోకి పోతుంది.

శాతాలు నాకు తలకెక్కవు. చుక్కల్లో వేసుకున్నాను. అరవై కిలోల మనిషికి ఈ మందుల్లో ఎక్కువ వాడే ఒక రకం 12 మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. అందులో 0.04 శాతం అంటే ఒక చుక్కలో పదో వంతు. అదీ రోజు మొత్తం పాలన్నీ కలిపి. అందులో నూరో వంతు కూడా పిల్ల రక్తంలోకి చేరదు. అదే మూడు కిలోల పిల్లకి ఏదైనా జబ్బు చేసి దానికే ఎంఆర్ఐ తీయాల్సి వస్తే, ఇదే మందు 0.6 మిల్లీలీటర్లు నేరుగా నరంలోకి ఎక్కిస్తారు. పాలలోకి వచ్చే మొత్తానికి అది వంద రెట్ల పైమాట. అంటే నరానికి వంద రెట్లు ఇవ్వడానికి పనికొచ్చే మందు, నోట్లోకి చుక్కలో పదో వంతు వెళ్తుందని రోజంతా పస్తు పెట్టమంటున్నాం.

సీటీ స్కాన్‌లో వాడే అయోడిన్ కాంట్రాస్ట్‌దీ దాదాపు ఇదే కథ. పాలలోకి వచ్చేది ఒక శాతం లోపు, అందులో బిడ్డ ఒంటికి పట్టేది మళ్ళీ ఒక శాతం లోపు. ఇక మామూలు ఎక్స్‌రే, కాంట్రాస్ట్ లేని సీటీ అయితే ఈ లెక్కలు కూడా అక్కర్లేదు. కిరణాలు పాలలో నిలవ ఉండవు. అయినా పంటికి ఎక్స్‌రే తీయించుకుని పూట పాలు మానేసిన బాలింతలు నాకు తెలుసు.

అమెరికాలో కాన్పుల డాక్టర్ల సంఘం కూడా ఈ కాంట్రాస్టుల తర్వాత పాలు ఆపక్కర్లేదని 2017లో తేల్చి చెప్పింది. రేడియాలజీ వాళ్ళ మార్గదర్శకాల్లో మాత్రం ఒక ముక్క అదనంగా ఉంటుంది. తల్లికి ఇంకా బెంగగా ఉంటే, తను కోరుకుంటే, 12 నుంచి 24 గంటలు ఆపి ఆ పాలు పిండి పారబోయవచ్చు అని. మనవాళ్ళ నోటికి ఆ 24 గంటలు మాత్రం వచ్చాయి. ‘తల్లి కోరుకుంటే’ అన్న భాగం దారిలో ఎక్కడో జారిపోయింది.

ఒకే గడిలో ఇద్దరు

సెంటర్‌లో సంతకం పెట్టించుకున్న ఫారంలో ఒక గడి ఉంది. "గర్భవతి / పాలిచ్చే తల్లి: అవును, కాదు." ఇద్దరికీ కలిపి ఒకటే టిక్కు. నాకు సమస్య మొత్తం ఆ గడిలోనే కనపడింది. గర్భవతి వేరు, బాలింత వేరు. కడుపులో బిడ్డకి తల్లి రక్తంలోదే మాయ గుండా అందుతుంది. వద్దనుకుంటే ఆపే దారి లేదు. పాలిచ్చే తల్లి విషయంలో ఆ మందు ముందు రక్తంలోంచి పాలలోకి రావాలి, తర్వాత బిడ్డ పొట్టలో అరగకుండా మిగలాలి, ఆపైన పేగు దాటాలి. ఒక్కో గడపలో కొంత కొంత ఆగిపోతుంది. గాడోలినియం కాంట్రాస్టుని కడుపుతో ఉన్నప్పుడు చాలా అవసరమైతే తప్ప ఇవ్వరు. ఆ జాగ్రత్తే ప్రసవం తర్వాత కూడా అలాగే వచ్చి బాలింత నెత్తిన కూర్చుంది.

మెడికల్ షాపుల్లో ఇప్పటికీ "ఇది కేటగిరీ సి అండీ, పాలిచ్చేవాళ్ళు వాడకూడదు" అంటారు. ఆ అక్షరాలు గర్భవతులకు ఏ మందుతో ఎంత ముప్పో చెప్పడానికి అమెరికాలో పెట్టినవి. 2015లో అమల్లోకి వచ్చిన కొత్త నియమంతో వాళ్ళే వాటిని తీసేయడం మొదలుపెట్టారు. పాలివ్వడం గురించి వేరే భాగం రాయాలన్నారు. మన దగ్గర ఆ అక్షరాలు ఇంకా అలాగే నడుస్తున్నాయి.

ఇంకా విచిత్రమేమంటే మత్తు. తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియనే అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే మన దగ్గర సగానికి పైగా తల్లులు మత్తు తీసుకుని, యాంటీబయాటిక్ ఎక్కించుకుని, నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని, ఆ తర్వాతే మొదటిసారి పాలిస్తారు. అక్కడ ఎవరూ జాగ్రత్త అనరు. నర్సులే వచ్చి పిల్లని రొమ్ముకి పట్టిస్తారు, అదే సరైన పని కూడా. అదే తల్లి మూడు నెలల తర్వాత పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ చేయించుకుంటే "మత్తు ఇచ్చాం కదా, రెండు రోజులు పాలు వద్దు" అంటారు. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 2019లోనే చెప్పింది, తల్లికి పూర్తిగా మెలకువ వచ్చి పిల్లని పట్టుకోగలిగితే చాలు, పాలివ్వచ్చు, పిండి పారబోయక్కర్లేదు అని. అప్పుడే పుట్టిన పిల్లకి లేని భయం మూడు నెలల పిల్లకి ఎక్కడినుంచి వచ్చింది?

ముందు నుంచీ అనుమానమే

స్కాన్ సెంటర్‌నే తిట్టడం నాకిష్టం లేదు. ఆ అబ్బాయి మాట మా ఇంట్లో అంత తేలిగ్గా చెల్లుబాటు కావడానికి కారణం మేమే. అమ్మపాలు అమృతం అని గోడల మీద రాస్తాం. కానీ పిల్లకి ఏమైనా అయితే ముందుగా అనుమానించేది ఆ పాలనే. బాలింత పెరుగు తింటే పిల్లకి జలుబు, మామిడిపండు తింటే వేడి, పప్పు తింటే కడుపుబ్బరం, తలస్నానం చేసి వెంటనే పాలిస్తే దగ్గు. పాప ఏడిస్తే చెల్లెలిని మా పెద్దమ్మ అడిగిన మొదటి ప్రశ్న "పొద్దున ఏం తిన్నవే?" పాప వంక చూడను కూడా చూడలేదు.

మా అమ్మమ్మ కాలంలో ముర్రుపాలు పిండి పారబోసేవాళ్ళు. చిక్కగా పసుపుగా ఉన్నాయని, అరగవని. ఆ మూడు రోజులూ పిల్లకి చక్కెరనీళ్ళు, తేనె. ఇప్పుడెవరూ అలా చెయ్యరని అనుకుంటాం గానీ, పైన చెప్పిన సర్వేలోనే తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి నలభై మంది కూడా లేరు. సిజేరియన్ అయింది, పాలు పడలేదు, పాప ఏడుస్తోంది, ఒక్కసారి డబ్బా పడదాం. కారణాలు మారాయి, పారబోయడం అలాగే ఉంది. కాబట్టి ఒక యూనిఫాం వేసుకున్న మనిషి "పాలలోకి మందు వస్తుంది" అనగానే అమ్మకి అది కొత్త సంగతిగా అనిపించలేదు. తనకి ఎప్పుడూ తెలిసిన సంగతికి కంప్యూటర్ రసీదు దొరికినట్టు అనిపించింది.

అవతలి పక్షం

ఈ గొడవంతా నా స్నేహితురాలి భర్త దగ్గర పెట్టాను. ఆయన రేడియాలజిస్టు, పేరు వద్దన్నాడు. ఆయన మాటల్ని కొట్టిపారేయలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, ఆ 0.04 శాతం లెక్క పెద్ద పరిశోధన మీద నిలబడింది కాదు. 2000లో వచ్చిన ఆ అధ్యయనంలో పాలు పరీక్షించిన తల్లులు ఇరవై మంది కూడా లేరు. రెండోది, నెలలోపు పిల్లల మూత్రపిండాలు పెద్దవాళ్ళంత వేగంగా పనిచేయవు, ఒంట్లోకి చేరింది బయటికి పోవడానికి టైం పడుతుంది. మొదటి కొద్ది రోజుల్లో రొమ్ములోని కణాల మధ్య సందులు కూడా ఇంకా పూర్తిగా మూసుకోవు కాబట్టి మందులు కొంచెం ఎక్కువ జారతాయి. మూడోది, గాడోలినియం కొంత ఒంట్లో, మెదడులో కూడా చాలాకాలం నిలవ ఉంటోందని తేలి 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక పెట్టింది. లోహాన్ని వదులుగా పట్టుకునే ‘లీనియర్’ రకాల్లో చాలావాటిని యూరప్ అదే ఏడాది పక్కన పెట్టేసింది. అలాంటి రకం ఇచ్చాక 24 గంటలు పాలు ఆపమని యూరప్ రేడియాలజిస్టులే అంటారు. "ఇరవై ఏళ్ళ కింద నిశ్చింతగా వాడినవాటినే ఇవాళ అనుమానిస్తున్నాం. నువ్వు చెప్పే లెక్కలు రేపు మారవని గ్యారంటీ ఏమిటి?" అన్నాడు.

బలమైన ప్రశ్న. నాకు దొరికిన జవాబు కొంతవరకే సరిపోతుంది. ఆ చిన్న అధ్యయనంలో తల్లులకి ఇచ్చింది లీనియర్ రకమే. అనుమానం ఎక్కువున్న మందుతోనే అంత తక్కువ వచ్చింది. మొదటి రోజుల్లో మందు ఎక్కువ జారినా, అప్పుడు పిల్ల తాగే పాలు చెంచాల లెక్క. ఆ లెక్క పది రెట్లు తప్పయినా పిల్లకి నేరుగా ఎక్కించే మోతాదుకి దరిదాపుల్లోకి రాదు. కానీ ఒంట్లో ఎన్నేళ్ళు నిలుస్తుంది, నిలిస్తే ఏమవుతుంది అన్నదానికి ఎవరి దగ్గరా పూర్తి జవాబు లేదని ఒప్పుకుంటాను. అది విని ఏ తల్లి అయినా "నేను ఒక పూట ఆగుతాను" అంటే నేను వద్దనను. అది ఆమె నిర్ణయం. లెక్క విని తీసుకున్న నిర్ణయానికీ, బెదిరిపోయి తీసుకున్నదానికీ చాలా తేడా.

ఆయన నాలుగో మాట వేరే. కాస్త గొంతు తగ్గించి చెప్పాడు. "చూడమ్మా, మేం ఇవ్వచ్చు అన్నామనుకో. రాత్రికి ఆ పిల్లకి విరేచనాలు పట్టాయనుకో, దేనివల్లైనా. పొద్దున సెంటర్ ముందు యాభై మంది ఉంటారు. వద్దు అన్నందుకు ఇప్పటిదాకా ఎవరూ మా మీదికి రాలేదు."

ఇంతకంటే నిజాయితీగా ఎవరూ చెప్పలేరు. హైదరాబాదులో ఆసుపత్రి అద్దాలు పగిలిన వార్తలు చూస్తూనే ఉంటాం, ఆయన భయం ఉత్తది కాదు. కానీ ఆ మాటకి అర్థం ఏమిటి? వద్దు అన్నందువల్ల జరిగే నష్టం కూడా నష్టమే, కాకపోతే దానికి సాక్ష్యం ఉండదు. రొమ్ముకి గడ్డలు కట్టి జ్వరం వచ్చిన బాలింత స్కాన్ సెంటర్‌కి వెళ్ళి అద్దాలు పగలగొట్టదు. "నాకు పాలు తగ్గిపోయాయి" అని తననే తిట్టుకుంటుంది. చంటిపిల్ల రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగుతుంది. తాగకపోతే, పిండకపోతే, పాలు నిండిన రొమ్ము ఇంక చేయడం తగ్గించాలని తనంతట తనే నేర్చుకుంటుంది. మొదటి వారాల్లో ఆ ఏర్పాటు ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, అప్పుడే ఒక రోజు తెగితే కొందరికి తిరిగి అతకదు. ఆ కేసులు ఏ సెంటర్ ఖాతాలోనూ పడవు.

నిజంగా ఆపాల్సినవి

అన్నిటికీ ఇవ్వచ్చు అనే గుంపులో నేను లేను. మా ఆఫీసులో ఒకామెకి థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ ఇవ్వాల్సి వచ్చింది. అది కిరణాలు వెలువరించే అయోడిన్-131, దాని శక్తి సగం తగ్గడానికే ఎనిమిది రోజులు పడుతుంది, పైగా అది పాలలోకి దండిగా వెళ్తుంది, పిల్ల థైరాయిడ్‌లో చేరి దాన్ని దెబ్బతీస్తుంది. ఆ పిల్లకి ఇంక పాలు పూర్తిగా మాన్పించాల్సిందే. మాన్పించిన వెంటనే ఇవ్వరు కూడా, కనీసం ఆరు వారాలు ఆగుతారు, లేకపోతే పాలున్న రొమ్ములే ఆ మందుని పీల్చుకుంటాయి. ఈ సంగతి ఆమెకి డాక్టర్లు ముందే కూర్చోబెట్టి చెప్పారు. మెల్లగా మాన్పించుకునే టైం ఇచ్చారు. తర్వాతి కాన్పులో హాయిగా పాలివ్వచ్చని కూడా చెప్పారు. ఆమె బాధపడింది గానీ, ఎవరి మీదా కోపం లేదు.

ఈ రేడియో అయోడిన్ ఇచ్చే న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలోనే టెక్నీషియం అనే ఇంకో రేడియోధార్మిక పదార్థంతో చేసే స్కాన్లూ ఉన్నాయి. దాని శక్తి ఆరు గంటలకొకసారి సగమైపోతుంది కాబట్టి కొన్నిటికి కొద్ది గంటలు, కొన్నిటికి దాదాపు ఒక రోజు ఆపితే సరిపోతుంది. ఆ పాలు పారబోయను కూడా అక్కర్లేదు, ఫ్రిజ్‌లో దాచి ఆ ప్రభావం పోయాక పట్టవచ్చు. ఈ మాట ముందే తెలిస్తే తల్లి స్కాన్‌కి ముందు నుంచే నాలుగు సార్లకి సరిపడా పిండి పెట్టుకుంటుంది. కీమోథెరపీ మందులు చాలావాటితో పాలు కుదరవు. వీటికి ఆపమంటే నేను మారుమాటాడను.

నాకు ఒళ్ళు మండేది ఇంకోచోట. అనుమానించాల్సిన మందు దగ్గర ఎవరూ నోరు విప్పరు. ట్రమడాల్ అనే నొప్పి మందుని, కోడీన్‌ని పాలిచ్చే తల్లులు వాడొద్దని ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. కొందరి ఒంట్లో అవి మామూలు కన్నా వేగంగా ఘాటైన రూపంలోకి మారతాయి, పాల ద్వారా వెళ్ళి పిల్లకి మగత, ఊపిరి మందగించడం దాకా రావచ్చు. ఆసుపత్రిలో ఒకటి రెండు డోసులకి కంగారు అక్కర్లేదనే డాక్టర్లూ ఉన్నారు, సరే. కానీ ఆపరేషన్ అయి ఇంటికొచ్చేవాళ్ళ చీటీల్లో ట్రమడాల్ కలిపిన మాత్రలు మామూలుగా కనపడతాయి. పక్కనే పాలిస్తున్నారా అని అడిగిన గుర్తు ఒక్కటీ కనపడదు. పిల్ల మరీ మత్తుగా పడుకుంటే, తాగడానికి లేవకపోతే వెంటనే తీసుకురండి అన్న ఒక్క లైను రాస్తే ఎంత బాగుంటుంది. కాంట్రాస్ట్‌కి కేకలు, ట్రమడాల్‌కి మౌనం. జాగ్రత్త అనేది ప్రమాదాన్ని బట్టి ఉండటం లేదు, సూది ఎంత కొత్తగా కనపడితే అంత ఉంటోంది.

డబ్బా ఎవరిది

మాకు సరే, రోడ్డు దాటి డబ్బా కొనుక్కునే స్థోమత ఉంది. మరిగించిన నీళ్ళు ఉన్నాయి, గిన్నె కడిగే మనిషి ఉంది. పేట్లబురుజు సర్కారు ఆసుపత్రిలోనో కోఠీలోనో కాన్పు అయి వారంలో బయటికొచ్చి, ఒక గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో బాలింతకి ఇదే మాట చెప్తే? డబ్బా ఖరీదుకి భయపడి పలచగా కలుపుతారు. లేదా గేదెపాలు నీళ్ళు కలిపి పడతారు. సీసా పీక సరిగా ఉడకదు. ఆ పిల్లకి విరేచనాలు రావడానికి కాంట్రాస్ట్ అవసరమే లేదు. నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఉంది, మంచి పని చేస్తోంది, కానీ అది నెలలు నిండని పిల్లలకి, ఐసీయూలో ఉన్న పిల్లలకి. ఒక రోజు ఆపమన్నారని వెళ్తే ఇచ్చేది కాదు, ఇవ్వాలని కోరడం న్యాయమూ కాదు.

డబ్బాపాల ప్రకటనల్ని మన దేశంలో 1992 చట్టం నిషేధించింది. డబ్బా మీద తల్లిపాలే శ్రేష్ఠం అని రాయాలని కూడా అదే చట్టం. ఆ రాత్రి వంటింట్లో ఆ డబ్బా తిప్పి చూస్తే ఆ మాట పెద్ద అక్షరాలతో ఉంది. కంపెనీ చేత చట్టం చెప్పించిన నిజాన్ని స్కాన్ సెంటర్ ఒక్క మాటతో కొట్టేసింది. ప్రకటన ఇవ్వాల్సిన పనే లేకుండా ఒక డబ్బా అమ్ముడుపోయింది.

కాబట్టి పాలిచ్చే తల్లికి స్కాన్ రాసినా, ఆపరేషన్ రాసినా ఇంట్లోవాళ్ళు అడగాల్సింది రాసిన రోజే అడగాలి, బల్ల మీద పడుకోబెట్టాక కాదు. కాంట్రాస్ట్ లేకుండా పని జరుగుతుందా? మెదడు సిరల స్కాన్ చాలాసార్లు కాంట్రాస్ట్ లేకుండానే తీయవచ్చు, అవసరమో కాదో డాక్టరే చెప్తారు. ఇస్తే ఏ మందు ఇస్తారు, దాని పేరు కాగితం మీద రాసివ్వండి. పేరుంటే చంటిపిల్లల డాక్టరు నిమిషంలో చూసి చెప్పగలడు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉండే లాక్ట్‌మెడ్ అనే డేటాబేస్‌లో ఏ మందు పాలలోకి ఎంత వస్తుందో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. పేరు లేకపోతే ఆయన కూడా "ఆపండి" అనే అంటాడు, తప్పు పట్టలేం.

మా చెల్లెలి రిపోర్టులో "కాంట్రాస్ట్ ఇవ్వబడింది" అని మాత్రమే ఉంది. పేరు చెప్పమని సెంటర్‌కి ఫోన్ చేస్తే ముందు రిసెప్షన్, తర్వాత బిల్లింగ్, తర్వాత "టెక్నీషియన్ షిఫ్ట్ అయిపోయింది మేడం." పట్టు వదలకపోతే చివరికి ఒకమ్మాయి స్టాక్ రిజిస్టర్ చూసి చదివింది. గాడోటెరేట్. లోహాన్ని గట్టిగా పట్టుకునే రకం, యూరప్ వాళ్ళు 24 గంటలు ఆపమన్న జాబితాలో లేనిది. దాని యూరప్ కరపత్రంలో పాలిచ్చే తల్లుల గురించి రాసింది కూడా దొరికింది. 24 గంటలు ఆపాలా వద్దా అన్నది డాక్టరూ తల్లీ కలిసి నిర్ణయించుకోవాలట.